దర్బారు వద్దు, జవాబు కావాలి

(గ్రామ కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటినుంచీ కూలి మానుకుని వచ్చి కూర్చున్నారు. అందుకని చుట్టూ తిప్పకుండా అసలు సంగతిలోకే వెళ్దాం. ఎమ్మెల్యేలు, మంత్రులు ఊళ్లకొచ్చి "మీ కష్టాలు చెప్పుకోండి, వింటాం" అంటూ సభలు పెడుతున్నారు. ఆ సభలకు మనవాళ్లు పోవాలా, మానాలా? పోతే ఏం చెయ్యాలి? ఈ పూట మన చర్చ ఇదే.

ముప్పయ్యేళ్లుగా ఈ సభలు చూస్తూనే ఉన్నాం. ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారింది. 1995 నవంబర్‌లో 'ప్రజల వద్దకు పాలన' అన్నారు. 1997 జనవరిలో 'జన్మభూమి' అన్నారు. 2009లో 'రచ్చబండ' అన్నారు. దాన్ని మొదలుపెట్టడానికి బయల్దేరిన ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఆ ఏడాది సెప్టెంబర్ 2న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోతే, 2011లో అప్పటి ముఖ్యమంత్రి ఆ పేరుతోనే నడిపించాడు. 2019లో 'స్పందన' వచ్చింది. 2022లో ఎమ్మెల్యేలు 'గడప గడపకు' తిరిగారు. 2023లో 'జగనన్నకు చెబుదాం' అన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో తెలంగాణలో కొత్త ముఖ్యమంత్రి 'ప్రజాదర్బార్' పెట్టి, వెంటనే దాని పేరు 'ప్రజావాణి' అని మార్చాడు. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు.

ఇన్ని పేర్లు వచ్చాయి. మన పాలెంలో నీళ్ల ట్యాంకు, శ్మశానం దారి, ఇంటి స్థలం పట్టా - ఈ మూడు మాటలు మాత్రం మారలేదు. మన అమ్మ ఏ అర్జీ ఇచ్చిందో, మన కూతురూ అదే అర్జీ పట్టుకుని నిలబడుతోంది.

ముందు ఆ పేర్ల సంగతి చూద్దాం. పేర్లు పెట్టింది మనం కాదు గదా, పెట్టినవాళ్ల మనసు ఆ పేర్లలోనే తెలుస్తుంది. రచ్చబండ అంటే ఏమిటి? ఊరి నడుమ చెట్టుకింద అరుగు. దాని మీద కూర్చుని తీర్పులు చెప్పినవాళ్లు ఎవరు? చెప్పులు చేతబట్టుకుని, తలగుడ్డ తీసి, దూరంగా నిలబడి ఆ తీర్పులు విన్నవాళ్లు ఎవరు? మన తాతలకు జరిమానాలు వేసింది ఆ బండ మీదే. మనవాళ్లను చెట్టుకు కట్టెయ్యమన్నదీ ఆ బండ మీదే. ఆ బండ పేరు పెట్టి మనల్ని కష్టాలు చెప్పుకోమంటే, చెప్పుకునేవాడు ఎక్కడ నిలబడాలో ముందే చెప్పినట్టు కాదా?

జన్మభూమిలో శ్రమదానం చెయ్యమన్నారు. ఊళ్లో ఎవరి శ్రమ దానంగా పోలేదో వాళ్లకు చెప్పాల్సిన మాట అది. మన పాలెం శ్రమ తరతరాలుగా దానంగానే పోయింది. దాన్నే వెట్టి అన్నారు. ఇక దర్బారు అంటే రాజు కూర్చునే చోటు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి ఈ దేశంలో ప్రజలే రాజులని పిల్లలకు బళ్లో పాఠం చెప్తున్నాం. సాయంత్రం బడి వదిలాక అదే పిల్లల తల్లిదండ్రులు దర్బారులో వరసగట్టి నిలబడుతున్నారు. పాఠం ఒకటి, ఊరు ఒకటి.

సరే, పేరేదైతేనేం, పని జరిగితే చాలంటారా? పని ఎట్లా జరుగుతుందో చూద్దాం. అర్జీ ఎక్కడికి పోతుందో దాని వెంట మనమూ నడుద్దాం.

ఎమ్మెల్యే గారు అర్జీ తీసుకుంటారు. మూలన "తగు చర్య నిమిత్తం" అని రాసి సంతకం పెడతారు. పక్కనున్న పీఏ దాన్ని సంచిలో వేస్తాడు. అక్కణ్నుంచి అది కలెక్టరాఫీసుకు పోతుంది. కలెక్టరాఫీసు నుంచి ఆర్డీవోకు, ఆర్డీవో నుంచి తాసీల్దారుకు, తాసీల్దారు నుంచి వీఆర్వోకు దిగుతుంది. ఎవరు పని చెయ్యడం లేదని మనం చెప్పుకున్నామో, విచారణ చెయ్యమని ఆయన చేతికే వస్తుంది. ఆయన పాలెంలోకి రాడు. డొంకను కలిపేసుకున్న ఆసామి అరుగు మీద కూర్చుంటాడు. మజ్జిగ తాగుతాడు. "విచారించడమైనది. అర్జీదారు చెప్పినదానిలో వాస్తవం లేదు" అని రాస్తాడు. లేకపోతే "కోర్టులో తేల్చుకోవలసినది" అని రాస్తాడు. పైన కంప్యూటర్లో "పరిష్కరించబడింది" అని పడుతుంది. లెక్కల్లో మన కష్టం తీరిపోయింది. తర్వాత ఒకరోజు దారిలో కనబడి అంటాడు: "ఏమ్మా, ఎమ్మెల్యే దాకా ఎందుకెళ్లావు? మేం లేమా?" ఆ మాటలో ఉన్న బెదిరింపు మనకు అర్థమవుద్ది. పై ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అర్థం కాదు.

2023 డిసెంబర్ 28 నుంచి 2024 జనవరి 6 దాకా తెలంగాణలో ప్రజాపాలన సభల్లో కోటికి పైగా అర్జీలు తీసుకున్నారు. జనం పిల్లల్ని చంకనేసుకుని, జిరాక్సుల కోసం తిరిగి, నిలబడి ఇచ్చిన కాగితాలవి. ఆ జనవరిలోనే కొన్ని అర్జీలు హైదరాబాద్‌లో ఒక ఫ్లైఓవర్ మీద చెల్లాచెదురుగా పడి ఉంటే, ఆ బొమ్మలు మనం చూశాం. 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి జాబితాలు చదివారు. మా పేరేదని జనం చాలా ఊళ్లలో అధికారుల్ని నిలదీశారు. మేం ఆ రెండో సంగతినే గుర్తు పెట్టుకోమంటున్నాం. అర్జీ ఇచ్చినప్పుడు జనం నోరు మెదపలేదు. జాబితా బయటికి చదివేసరికి నోరు వచ్చింది. కాగితం సంచిలోకి పోతే మనం మూగవాళ్లం. కాగితం పదిమందిలో చదివితే మనకు గొంతు ఉంటుంది.

"ఎమ్మెల్యే మన కులపోడే గదా, మనకు చెయ్యడా?" అని కొందరు అడుగుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 175 సీట్లలో 29, తెలంగాణలో 119లో 19 మన వాళ్లకు రిజర్వు అయ్యాయి. ఆ సీట్లలో గెలిచినవాళ్లు మన బిడ్డలే. కానీ వాళ్లు గెలిచేది ఎవరి ఓట్లతో? 1932 సెప్టెంబర్ 24న పూనా ఒప్పందం జరిగింది. మనవాణ్ని మనమే ఎన్నుకునే ప్రత్యేక నియోజకవర్గాలను బాబాసాహెబ్ వదులుకోవాల్సి వచ్చింది. సీటు మనది, ఓట్లు అందరివీ అయ్యాయి. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు పాలెం బయట ఉన్నాయి. టికెట్ ఇచ్చే చెయ్యి కూడా పాలెం బయటే ఉంది. అందుకే మన బిడ్డ కూడా సభ పెడితే ముందు పెద్దిళ్ల అరుగు మీద కాఫీ తాగి, ఆ తర్వాత పాలేనికి వస్తాడు. ఆయన్ని తిట్టుకుని లాభం లేదు. ఆయనకు మన బలం కనబడాలి. మన గొంతు వినబడితే ఆయనకూ గొంతు వస్తుంది.

కాబట్టి సభలకు పోవద్దని మేం చెప్పం. మైకు, షామియానా, అధికారులు అన్నీ ఒకచోట దొరికే రోజు అది. వదులుకోకూడదు. కానీ దర్బారుకు పోయినట్టు పోకూడదు. ఎట్లా పోవాలో మనకు తెలిసిన ఒక అనుభవం ఉంది.

2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీ అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2006 నుంచి ఆ తనిఖీలు నడిచాయి. చదువుకున్న కూలీల పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "అమ్మా, నువ్వు ఇన్ని రోజులు పని చేసినట్టు రాశారు, చేశావా?" అని అడిగారు. చివర్న మండలంలో ప్రజావేదిక పెట్టారు. మైకులో లెక్క చదివారు. చనిపోయినవాళ్ల పేరున కూలి రాసినచోట అది కూడా చదివారు. రాసిన ఉద్యోగి అందరి ముందు లేచి నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చింది. తిన్న డబ్బంతా తిరిగి రాలేదు, నిజమే. కానీ ఆ రోజు నిలబడినవాడు ఆఫీసరు, కూర్చున్నది కూలి మనిషి. మన పాలెం ఆడవాళ్లు ఆ మార్పును కళ్లారా చూశారు.

ఎమ్మెల్యే సభకూ, ప్రజావేదికకూ తేడా ఎక్కడుంది? మొదటిదాంట్లో మనం దండం పెట్టి చెప్తాం, ఆయన తల ఊపుతాడు. రెండోదాంట్లో కాగితం చదువుతారు, బాధ్యుడు జవాబు చెప్తాడు, ఆ జవాబు పుస్తకంలో రాస్తారు. చదవడం, జవాబు, రాత - ఈ మూడూ ఉంటే అది సభ. ఈ మూడూ లేకపోతే అది ఊరేగింపు.

చట్టం కూడా ఈ మాటే చెప్తోంది. కొన్ని సంగతులు రాసుకోండి.

ఒకటి, గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లో ఉంది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే, సభ్యురాలే. మన రాష్ట్రంలో 1994 పంచాయతీరాజ్ చట్టం, తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ఈ సభ పెట్టాలని చెప్పాయి. ఎమ్మెల్యే సభ ఆయన ఇష్టం. పెడితే పెడతాడు, లేకపోతే లేదు. గ్రామసభ మాత్రం సర్పంచ్ ఇష్టం మీద ఆధారపడింది కాదు. చాలా ఊళ్లలో ఏం జరుగుతోంది? కార్యదర్శి తీర్మానాల పుస్తకం సంచిలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు తీసుకుంటున్నాడు. సభ జరిగినట్టు రాస్తున్నాడు. ఆ పుస్తకంలో మన వేలిముద్ర పడేముందు లోపల ఏం రాశారో చదివించుకోవాలి.

రెండు, అత్యాచారాల నిరోధక చట్టం. 1989లో చట్టం, 1995లో నిబంధనలు వచ్చాయి. కారంచేడులో 1985 జూలై 17న, చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లు పోసిన నెత్తురు మనకు తెలుసు. కారంచేడు తర్వాత మనవాళ్లు చీరాల శిబిరంలో కలిసి కూర్చున్నారు. ఒక్కొక్కరుగా అర్జీలు పట్టుకుని తిరగలేదు. ఆ పోరాటం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఇట్లాంటి పోరాటాల వల్ల వచ్చిన చట్టమిది. దాని నిబంధనల ప్రకారం జిల్లాలో కలెక్టర్ అధ్యక్షతన విజిలెన్స్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉండాలి. మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. ఆ జిల్లా ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు అందులో సభ్యులు. రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. జనవరిలో, జూలైలో కూర్చోవాలి. మన ఎమ్మెల్యే ఊళ్లలో ఎన్ని సభలు పెట్టాడో పేపర్లో ఫొటోలు వస్తాయి. తాను సభ్యుడైన ఈ కమిటీకి ఎన్నిసార్లు పోయాడు, పోయి ఏం మాట్లాడాడు అన్నది ఏ పేపర్లోనూ రాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. కమిటీ ఎప్పుడెప్పుడు కూర్చుంది, ఎవరెవరు వచ్చారు, మినిట్స్ నకలు ఇవ్వమనండి. ఆ కాగితం చేతబట్టుకుని ఆయన సభకు పోండి.

మూడు, 2015 సవరణ. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మనవాళ్లు నోటితో చెప్పిన ఫిర్యాదును పోలీసు అధికారి రాసుకుని, సంతకం పెట్టించుకునేముందు మనకు చదివి వినిపించాలి. నకలు ఇవ్వాలి. శ్మశానం వాడుకోకుండా అడ్డుపడితే నేరమని ఆ సవరణ చెప్పింది. సాంఘిక బహిష్కారం చేసినా, చేస్తామని బెదిరించినా నేరమేనని చెప్పింది.

నాలుగు, నెలాఖరున జరగాల్సిన పౌరహక్కుల దినం. మన వాడలోకే తాసీల్దారు, ఎస్సై వచ్చి కూర్చుని వినాల్సిన రోజది. మీ మండలంలో ఈ ఏడాది ఏయే ఊళ్లో జరిపారో అడగండి. ఫొటో దిగి పోయారా, ఎవరన్నా నోరు తెరిచారా, అదీ అడగండి.

ఇప్పుడు మా మండలంలో ఒక పాలెం సంగతి చెప్తాం. ఊరి పేరు చెప్పం, అక్కడివాళ్లు ఇంకా ఆ ఊళ్లోనే బతకాలి. శ్మశానానికి పోయే డొంకను రెండు వైపుల ఆసాములు ఏటా సాలు సాలు కలిపేసుకున్నారు. బండి పోయే దారి మనిషి పోయే గట్టయింది. వానాకాలంలో శవాన్ని మోసేవాళ్లు మోకాటిలోతు బురదలో దిగబడ్డారు. పాలెంలో ఒక పెద్దామె మూడు ప్రభుత్వాల్లో మూడు అర్జీలు ఇచ్చింది. మూడుసార్లూ పైన పరిష్కారమైంది, కింద బురద అట్లాగే ఉంది.

తర్వాత సభ వస్తుందని తెలిసి, పాలెంలో రాత్రుళ్లు కూర్చున్నాం. పది కోరికలు రాద్దామన్నారు. ఒక్కటే రాద్దామని తేల్చుకున్నాం. సర్వే నంబరు కనుక్కున్నాం. గ్రామ పటం నకలు తీసుకున్నాం. అందులో డొంక వెడల్పు ఉంది. నలభై మంది కలిసి పోయారు, సగం మంది ఆడవాళ్లు. అర్జీ ఇవ్వమని పీఏ చెయ్యి చాపాడు. "ఇస్తాం, ముందు మైకులో చదువుతాం" అన్నారు. ఇంటర్ చదివే మన ఆడపిల్ల చదివింది. ఎమ్మెల్యే గారు "చూస్తానమ్మా" అన్నాడు. పెద్దామె లేచి అడిగింది: "ఎప్పుడు చూస్తావు బాబూ? తారీఖు చెప్పు. ఈసారి నన్ను మోసుకుపోవాల్సింది ఆ దారినే." నవ్వినవాళ్లు నవ్వారు. కానీ తారీఖు చెప్పక తప్పలేదు. ఆ తారీఖును పంచాయతీ కార్యదర్శి చేత పుస్తకంలో రాయించారు. కింద తాసీల్దారు సంతకం అడిగారు. ఆయన ఒకసారి ఎమ్మెల్యే మొహం చూసి, పెట్టాడు.

సర్వేయరు వచ్చాడు. రాళ్లు పాతాడు. డొంక ముక్కాలు భాగం తేలింది. చివరి ముక్కలో ఒక ఆసామి కంచె ఇంకా ఉంది, ఆయన కోర్టుకు పోయాడు. అది నడుస్తోంది. పూర్తిగా గెలిచామని మేం గొప్ప చెప్పుకోం. కానీ ఆ ఏడు వానాకాలంలో శవం బురదలో దిగబడలేదు.

ఆ తర్వాత జరిగిందీ చెప్పాలి. రాళ్లు పాతిన వారం పాలెం ఆడవాళ్లను నాట్లకు పిలవలేదు. చిల్లరకొట్టులో అరువు ఆపేశారు. ఎమ్మెల్యే కారు సాయంత్రానికే పోతుంది. తాసీల్దారు బదిలీ అయి పోతాడు. మనం మాత్రం ఆ ఊళ్లోనే ఉండాలి. నోరు తెరిచినవాళ్ల పొయ్యిలో పిల్లి పడుకోకుండా చూసే పని ఎవరిది? సంఘానిది. ఆ వారం పక్క పాలేల నుంచి బియ్యం పోగుచేశారు. వేరే ఊళ్లో కూలి చూశారు. బహిష్కారం నేరమని చెప్తూ ఫిర్యాదు రాసి, పదిమంది సంతకాలతో స్టేషన్‌కు పోయారు. పదో రోజుకు నాట్లకు పిలుపొచ్చింది. వరి మన చేతుల కోసం చూస్తోంది గదా, ఎన్నాళ్లు ఆగుద్ది?

అందుకని కార్యకర్తలు ఈ మాటలు ఊళ్లకు తీసుకుపోవాలి.

సభకు ఒక్కరుగా పోవద్దు, పాలెమంతా పోవాలి. మాల పల్లె, మాదిగ పల్లె కలిసి పోవాలి. మనలో మనం విడిపోయి పోతే, ఆయన రెండు దండలు వేయించుకుని ఇద్దరికీ తలూపి పోతాడు.

పది కోరికలు వద్దు. ఒక్కటి పట్టుకోండి. సర్వే నంబరు, తారీఖు, పాత అర్జీ రసీదు దగ్గర పెట్టుకోండి. రసీదు లేకుండా కాగితం చెయ్యి దాటనివ్వద్దు.

దండం పెట్టొద్దని మేం చెప్పం. అది మర్యాద. కానీ దండం పెట్టి నోరు మూసుకోవద్దు. "అయ్యా, కాస్త దయ చూపండి" అనే మాట మానండి. "ఇది మాకు రావాల్సింది, ఎప్పుడిస్తారు?" అని అడగండి.

ఆడవాళ్ల చేత మాట్లాడించండి. నీళ్లు మోసేది వాళ్లు, రేషన్ లైనులో నిలబడేది వాళ్లు. మగవాళ్లు మైకు దొరికితే ఉపన్యాసం చెప్తారు. ఆడవాళ్లు సంగతి చెప్తారు.

సభ పాలెంలో పెట్టమనండి. మన బడి ముందు, మన అంబేద్కర్ బొమ్మ దగ్గర పెట్టమనండి. రచ్చబండ దగ్గర నోరు రాని ముసలాయనకు అక్కడ నోరు వస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది, ప్రతి సభా పాత సభ పుస్తకంతో మొదలు కావాలి. పోయినసారి ఏం చెప్పారు? చేశారా? చెయ్యకపోతే ఎందుకు? ఇది చదివాకే కొత్త అర్జీలు. ఈ ఒక్క పద్ధతి పెట్టమని ప్రతి ఎమ్మెల్యేనూ అడగండి. ఒప్పుకున్నవాడు ఎవడో, తప్పించుకున్నవాడు ఎవడో ఊరందరికీ తెలుస్తుంది. ఓటు రోజున అది పనికొస్తుంది.

చివరగా ఒక మాట. రాతపని మన పాలెంలో ఎవరికి వస్తే వాళ్లు చెయ్యాలి. టెన్త్ తప్పినా ఫర్వాలేదు. ప్రతి పాలెంలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ సభ, ఏ తారీఖు, ఎవరేం అడిగారు, ఎవరేం చెప్పారు - రాసి పెట్టండి. నెలకోసారి అందరిలో చదవండి. సర్కారు పుస్తకంలో మన కష్టం పరిష్కారమైపోతే, మన పుస్తకంలో అది బతికే ఉండాలి. చదువు మన చేతికొచ్చి ఇంకా రెండు తరాలే అయింది. దాన్ని ఉద్యోగానికి ఎట్లా వాడుకున్నామో, సభలో కూడా అట్లా వాడుకుందాం.

ఇక్కణ్నుంచి ఊరికి పోయాక మొదట ఆ నోటు పుస్తకం కొనండి. వచ్చే తరగతికి దాన్ని తీసుకురండి. ఇక్కడ అందరం కూర్చుని చదువుకుందాం.

జై భీమ్!